క్యూ స్కూల్ రివ్యూ: పేరులో బడి, లోపల పరీక్ష

స్నూకర్ పార్లర్‌లో తనను ఓడించేవాడు లేకుండా పోయిన కుర్రాడు ఏదో ఒకరోజు ఇంట్లో ఈ మాట ఎత్తుతాడు: “ఈసారి క్యూ స్కూల్ ఆడతాను.” స్కూల్ అన్నారు కదా, కోచ్‌లుంటారు, ఏదో నేర్పి పంపిస్తారు అనుకుని పెద్దవాళ్లు డబ్బు సర్దడం మొదలుపెడతారు. అక్కడ ఎవరూ ఏమీ నేర్పరు. క్యూ స్కూల్ అంటే ప్రొఫెషనల్ ఆటగాళ్ల సర్క్యూట్ అయిన వరల్డ్ స్నూకర్ టూర్‌లోకి రావడానికి 2011లో పెట్టిన ప్రవేశ పరీక్ష. ఫీజు కట్టాలి, నాకౌట్ ఆడాలి, గెలిస్తే కార్డు, అంటే టూర్‌లో ఆడే అర్హత, ఓడితే రిటర్న్ టికెట్. ఆ ఫీజుకీ, ఆ ప్రయాణానికీ తగ్గది తిరిగొస్తుందా అన్నదే ఈ రివ్యూ. ఒక్క మాటలో జవాబు కావాలంటే, ఇరవై ఏళ్లు దాటి ఆట పండినవాడికి సరే, పదహారేళ్ల పిల్లాడికి వద్దు. ఎందుకో కాస్త విడమరిచి చెప్పుకోవాలి.

ముందు లోపల ఏముందో చూద్దాం. ఏటా సీజన్ ముగిశాక కొద్ది రోజుల తేడాతో ఒకటికి మించి ఈవెంట్లు పెడతారు. ఈ మధ్య బ్రిటన్ అంచె లెస్టర్‌లో, ఆసియా-ఓషియానియా అంచె బ్యాంకాక్‌లో జరుగుతున్నాయి. ప్రతి మ్యాచూ ఏడు ఫ్రేములు (ఒక్కో గేమ్‌ని ఫ్రేమ్ అంటారు), ముందు నాలుగు గెలిచినవాడిది. ఫైనల్ అంటూ ఉండదు, చివరి రౌండ్ గెలిచిన వాళ్లందరికీ తలా ఒక రెండేళ్ల టూర్ కార్డు. ప్రైజ్ మనీ మాత్రం సున్నా. మొదటి ఏడాది ప్రవేశ రుసుమే వెయ్యి పౌండ్లు. ఇప్పటి ఫీజు, ఆ ఏడాది ఎన్ని కార్డులు ఇస్తున్నారు, ఆఖరి తేదీ ఎప్పుడు అన్నవి ఏటేటా నోటీసులో చూసుకోవాల్సిందే. పాత లెక్క నమ్ముకుని విమానం టికెట్ కొనకూడదు.

మంచి మాట ముందు చెప్పుకుందాం. ఈ పద్ధతిలో సిఫార్సుకి చోటు లేదు. ఏ ఫెడరేషన్ పెద్దమనిషి సంతకమూ అక్కర్లేదు, సెలక్షన్ కమిటీ లేదు, ఏ రాష్ట్రంవాడివని ఎవరూ అడగరు. కార్డు రాకపోయినా ఆర్డర్ ఆఫ్ మెరిట్ అని ఒక పట్టిక వేస్తారు. సీజన్‌లో ఏదైనా టోర్నీకి ఆటగాళ్లు తక్కువైతే ఆ పట్టికలో పైనున్నవాళ్లను పిలుస్తారు. అంటే చివరి రౌండ్‌లో ఓడినవాడికి కూడా ఎంతో కొంత మిగులుతుంది. కాబట్టి మొదటి ఈవెంట్‌లో ఓడాక మనసు విరిగి రెండోదాన్ని చేజేతులా వదిలేయకూడదు. అక్కడ గెలిచే ప్రతి మ్యాచూ పట్టికలో పైకి తీసుకెళ్లేదే.

ఇక చెడ్డ మాట. ఏడు ఫ్రేముల మ్యాచ్ చాలా చిన్నది. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 35 ఫ్రేములు, అక్కడ మొదటి నాలుగు ఫ్రేములు పోయినా తేరుకోవచ్చు. ఇక్కడ నాలుగు పోతే ఇంటికే. ఎదుటివాడు ఒక అరవై, ఒక డెబ్భై బ్రేక్ (ఒకే విడతలో వరసగా చేసే స్కోరు) కొట్టి, ఒక ఫ్రేమ్‌లో అదృష్టం కలిసొస్తే మనవాడికి మిగిలేది ఒక్క తప్పు చేసేంత సందు. పైగా ఎదురుగా కూర్చునేవాడు తోటి కుర్రాడని అనుకోకండి. టూర్ నుంచి అప్పుడే జారిపోయిన ప్రొఫెషనల్ కావచ్చు, పదేళ్లు టీవీ టేబుళ్ల మీద ఆడిన చేయి కావచ్చు. బ్రిటన్ అంచెలో కార్డు చేతికి రావాలంటే అలాంటివాళ్లను ఆరేడుగురిని వరసగా దాటాలి. బ్యాంకాక్‌లో ఎంట్రీలు తక్కువ, కార్డులూ తక్కువే. ప్రయాణం, వాతావరణం, ఖర్చు మనకి దగ్గర కాబట్టి భారతీయులకి అదే మేలు. 2023లో ఇష్‌ప్రీత్ సింగ్ చడ్డా టూర్‌లోకి వెళ్లింది ఈ క్యూ స్కూల్ దారిలోనే.

కార్డు వచ్చిందే అనుకుందాం. ఆ కార్డు విలువెంత? టూర్‌లో ఉండేది సుమారు 128 మంది. కొత్తవాడు సున్నా పాయింట్లతో మొదలవుతాడు, రెండేళ్లయ్యాక మొదటి 64 మందిలో లేకపోతే, వేరే ఏ పట్టికా ఆదుకోకపోతే, మళ్లీ క్యూ స్కూల్ గుమ్మం దగ్గరికే వస్తాడు. 2022-23 సీజన్ నుంచి సీజన్‌కి 20,000 పౌండ్ల హామీ అని ఒక పథకం తెచ్చారు. అది జీతం అనుకునేరు. ముందుగా ఇచ్చే అడ్వాన్స్ మాత్రమే, గెలిచిన ప్రైజ్ మనీలోంచి సర్దుకుంటారు. ఆ డబ్బులోనే ఇంగ్లండ్‌లో గది అద్దె, ప్రాక్టీస్ టేబుల్, చైనాకి విమాన ఛార్జీలు, క్వాలిఫయింగ్‌లకి రైలు ఛార్జీలు, అన్నీ. పైన ప్రపంచ చాంపియన్‌కి 500,000 పౌండ్లు ఇచ్చే ఆట ఇదే. శిఖరం దగ్గర బంగారం, మెట్ల దగ్గర అప్పు. ఈ ఆట భవిష్యత్తు గురించి గుబులు పడేవాళ్లు ముందు చూడాల్సింది ఆ కింది మెట్లనే.

క్యూ స్కూల్‌కి పక్కనే ఇంకో కొట్టు ఉంది, క్యూ టూర్. ఇది 2021లో మొదలైన రెండో అంచె సర్క్యూట్. సీజన్ పొడవునా అక్కడక్కడా ఈవెంట్లు జరుగుతాయి, పాయింట్లు కూడుతాయి, పట్టికలో పైనున్నవాడికి కార్డు, తర్వాతి వాళ్లకి ప్లేఆఫ్. ఒక్క వారంలో తేలిపోయే పరీక్షకీ, ఏడాది మార్కులు కూడి ఇచ్చే పాస్‌కీ ఎంత తేడా ఉంటుందో ఈ రెండింటికీ అంత తేడా. జావో షింటాంగ్ సంగతి చూడండి. ఫిక్సింగ్ వ్యవహారంలో నిషేధం పూర్తి చేసుకుని, కార్డు లేకుండా, అమెచ్యూర్‌గా క్యూ టూర్ ఆడాడు. అక్కడ గెలుచుకుంటూ వచ్చి 2025లో ప్రపంచ చాంపియన్‌షిప్‌కి నాలుగు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటాడు. సెమీస్‌లో రానీ ఓ’సలివన్‌ను 17-7తో, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించాడు. ప్రపంచ టైటిల్ నెగ్గిన మొదటి చైనీయుడు అతనే. అప్పుడు విలియమ్స్ వయసు 50. ఓ’సలివన్, జాన్ హిగిన్స్, విలియమ్స్ ముగ్గురూ 1975లో పుట్టినవాళ్లే, ముగ్గురూ 1992లో ప్రొఫెషనల్ అయినవాళ్లే. ముప్పై మూడేళ్లకి కూడా చివరి నలుగురిలో వాళ్లలో ఇద్దరు, చివరి ఇద్దరిలో ఒకరు కనపడ్డారంటే ఆ ముగ్గురి గొప్పతనం సగం. వాళ్ల వెనక బ్రిటన్‌లో రావాల్సిన తరం పలచబడటం మిగతా సగం.

పలచబడటానికి కారణం ఆట మీద ఇష్టం పోవడం ఒక్కటే కాదు, గది పోవడం. బ్రిటన్ స్నూకర్ క్లబ్ బతికింది టేబుల్ అద్దె మీద కంటే బార్ మీద. ఇంగ్లండ్‌లో 2007లో లోపల పొగ తాగడం నిషేధించాక సాయంత్రాలు పలచబడ్డాయి, కరోనాలో మూతపడ్డాయి, తర్వాత కరెంటు బిల్లు మీద పడింది. బార్ ఉన్న చోటికి పన్నెండేళ్ల పిల్లాణ్ణి పంపడానికి ఇంట్లోనూ ఒప్పుకోరు. మన దగ్గర బార్ లేదు కానీ లెక్క అలాంటిదే. స్నూకర్ టేబుల్ ఆడే స్థలం 11 అడుగుల 8.5 అంగుళాలు, 5 అడుగుల 10 అంగుళాలు. 58 అంగుళాల క్యూ (ఆడే కర్ర) నాలుగు వైపులా గోడకి తగలకుండా ఆడాలంటే గది 22 అడుగులు, 16 అడుగులు ఉండాలి, అంటే 350 చదరపు అడుగుల పైమాట. ఎనిమిదడుగుల పూల్ టేబుల్‌కి అదే లెక్కన 240 చాలు. కొత్తవాళ్లిద్దరు స్నూకర్ ఫ్రేమ్ మొదలుపెడితే ముప్పావు గంట పడుతుంది, పూల్ అయితే అంతలో నాలుగు గేములు, నాలుగు కూల్‌డ్రింకులు. అద్దె పెరిగిన ప్రతిసారీ పార్లర్ యజమాని ఒక స్నూకర్ టేబుల్ తీసేసి పూల్ వేస్తాడు. అతణ్ణి తప్పు పట్టలేం. చైనాలో సైతం స్నూకర్ తరహా పాకెట్లున్న తొమ్మిదడుగుల టేబుల్ మీద ఆడే హేబాల్ అనే పూల్ ఆట కుర్రాళ్లను అలాగే లాక్కుంటోంది. అయినా అక్కడ అకాడమీలున్నాయి, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చైనా కుర్రాళ్లు ఒకచోట ఉండి ప్రొఫెషనల్స్ పక్క టేబుల్ మీద రోజంతా ఆడుకునే ఏర్పాటుంది. ఆ కుర్రాళ్లు పరీక్షకి వచ్చేసరికే సగం పాసై ఉంటారు.

మనవాళ్ల సంగతి వేరే. 2016 జులైలో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగింది, ఆంథొనీ మెగిల్ గెలిచాడు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో విశాఖపట్నం, జాన్ హిగిన్స్. వరసగా రెండేళ్లు ప్రపంచ టూర్ మన రెండు ఊళ్లకి వచ్చింది. 2019లో కొచ్చిలో ఆడాక మళ్లీ ఇండియన్ ఓపెన్ జరగలేదు. టోర్నీ వచ్చింది, వెళ్లింది, పిల్లలకి వారానికి పది గంటలు తక్కువ ధరకి దొరికే ఒక్క టేబుల్‌ని వదిలి వెళ్లలేదు. ఇక దేశంలో పద్ధతి పతకాలకి కట్టింది. ఐబీఎస్ఎఫ్ (అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య) టైటిల్ గెలిస్తే గుర్తింపు, నగదు, చమురు సంస్థల్లో ఉద్యోగం. పంకజ్ అద్వానీ రెండు డజన్లకు పైగా ప్రపంచ టైటిళ్లు గెలిచాడు, 2012లో ప్రొఫెషనల్ టూర్‌కి వెళ్లి 2014లో తిరిగి వచ్చేశాడు. ఆదిత్య మెహతా 2013 ఢిల్లీ ఇండియన్ ఓపెన్‌లో ఫైనల్‌కి వచ్చాడు, 2014లో టూర్ ఈవెంట్‌లో గరిష్ఠ బ్రేక్ అయిన 147 కొట్టాడు. సత్తా లేదని అనలేం. ఇక్కడ నిలకడైన ఉద్యోగం పెట్టుకుని అక్కడ అద్దె గదిలో రెండేళ్లు జూదమాడటానికి ఎవరికైనా కాళ్లు వెనక్కే లాగుతాయి. ఇంట్లో కూర్చుని “వీడికి కసి లేదు” అనేవాళ్లు ఒకసారి ఆ 20,000 పౌండ్ల లెక్క వేసి చూడాలి.

సరే, పంపాలనే నిర్ణయించుకున్నారు. అయితే పరీక్ష హాల్లో టేబుల్ ఎలా ఉంటుందో ముందే తెలియాలి. ఎక్కువమంది మన కుర్రాళ్లు మొదటి మ్యాచ్ ఓడేది ఆట రాక కాదు, టేబుల్ అర్థం కాక. టోర్నీ టేబుల్‌కి కింద హీటర్లుంటాయి. పలకలు వెచ్చగా, బట్ట పొడిగా ఉంటుంది. ఆ బట్ట పలచన, నునుపు. విశాఖలో వర్షాకాలం ఏసీ ఆపేసిన రాత్రి తర్వాత పొద్దున ఆడే టేబుల్ దీనికి పూర్తి వ్యతిరేకం. ఉన్ని తేమ పీల్చి బరువెక్కుతుంది, బాల్ లాగినట్టు వెళ్తుంది. అక్కడ అలవాటైన చేతితో టోర్నీ టేబుల్ మీద బ్రేక్ ఆఫ్, అంటే ఫ్రేమ్ మొదటి షాట్, కొడితే ఏమవుతుందో చూడండి. చివరి ఎరుపుకి సన్నగా తగిలి, మూడు కుషన్లు తిరిగి, ఆకుపచ్చ బాల్ వెనక బాక్ (ఫ్రేమ్ మొదలుపెట్టే చివర) కుషన్‌కి అంటుకోవాల్సిన వైట్, కుషన్ కొట్టి రెండడుగులు బయటికి వచ్చి నిలబడుతుంది. ఎదుటివాడికి లాంగ్ రెడ్ దొరికింది, ఒక తెరిచిన ఎరుపుల గుత్తి దొరికింది. ఫ్రేమ్ అయిపోయింది. మనవాడు చేసిందల్లా ఇంట్లో రోజూ కొట్టే బలంతోనే కొట్టడం. వైట్‌ను వెనక్కి రప్పించే స్క్రూ షాట్‌లో కూడా ఇదే. తడి బట్ట వైట్ వెనక్కి తిరిగే గుణాన్ని దారిలోనే తినేస్తుంది కాబట్టి మన దగ్గర గట్టిగా కొట్టడం అలవాటవుతుంది. పొడి బట్ట మీద ఆ గుణం చివరిదాకా నిలుస్తుంది, వైట్ అనుకున్నదానికి అడుగున్నర ఎక్కువ వెనక్కి వస్తుంది. పొజిషన్ పోతుంది.

దీనికి మందు ముందు వెళ్లడమే. మ్యాచ్‌కి నాలుగైదు రోజుల ముందు చేరుకుని, ఆ ఊళ్లో మంచి టేబుల్ ఉన్న క్లబ్ చూసుకుని మొదటి రెండు రోజులు పాటింగ్ (బాల్స్ పాకెట్‌లో వేయడం) మానేసి బలం మాత్రమే సరిచేసుకోవాలి. వైట్ ఒక్కటీ పెట్టుకుని బాక్ నుంచి పై కుషన్‌కి కొట్టి మళ్లీ బాక్ కుషన్ పక్కన ఆగేలా యాభైసార్లు. తర్వాత బ్రేక్ ఆఫ్ ముప్పైసార్లు. విసుగ్గానే ఉంటుంది, కానీ కట్టిన ఫీజులో సగం ఈ ఎనభై షాట్లలోనే ఉంది.

క్యూ ప్రయాణం గురించి రెండు మాటలు. ఒకే ముక్క క్యూ విమానంలో నరకం. త్రీ క్వార్టర్ జాయింట్ (ముప్పావు దగ్గర రెండుగా విడిపోయే అతుకు) ఉన్నది తీసుకుని, గట్టి గొట్టం లాంటి కేసులో పెట్టి లగేజీలో వేయాలి, చేతి సంచితో పాటు సాధారణంగా లోపలికి పోనివ్వరు. దిగాక కేసు తెరిచి గదిలో ఒక పూట ఉంచాకే ఆడాలి. క్యూ కొసన ఉండే తోలు టిప్ సాధారణంగా 9.5 మిల్లీమీటర్లు. కొత్త టిప్‌ని మ్యాచ్ ముందురోజు వేయించకండి. కొత్త తోలు నొక్కుకుని గట్టిపడటానికి గంటలు పడుతుంది, ఈలోగా వైట్ మీద పట్టు మారుతూనే ఉంటుంది, అంచు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. బయలుదేరే వారం ముందే మార్పించి, ఆడి, అంచు సరిచేసి, అదే గట్టిదనం ఉన్న టిప్పులు రెండు మూడు, జిగురు, ఫైలు వెంట పెట్టుకోవాలి. సుద్ద కూడా ఇంట్లో వాడేదే తీసుకెళ్లాలి. రకం మారితే బట్ట మీద పడే పొడి మారుతుంది. ఆ పొడి రెండు బాల్స్ మధ్య చిక్కుకున్నప్పుడు వచ్చే టక్ మన్న కిక్కులూ మారతాయి.

ఇవన్నీ పరీక్ష ముందు నెల సంగతులు. అసలు డబ్బు పెట్టాల్సింది దానికి నాలుగైదేళ్ల ముందు, ఊళ్లో టేబుల్ మీద. పిల్లాణ్ణి చేర్చేముందు పార్లర్‌లోకి వెళ్లి పావుగంట ఈ పరీక్ష చేయండి, మార్కర్ (పార్లర్‌లో టేబుళ్లు చూసుకునేవాడు) నొచ్చుకున్నా పరవాలేదు. వైట్‌ను కుషన్ పక్కనే, నాలుగంగుళాల దూరంలో, బాక్ నుంచి నల్ల బాల్ వైపు చాలా నెమ్మదిగా వదలండి. చివరి అడుగులో చూడాలి, ఆగబోయే ముందు బాల్ నిజం చెబుతుంది. కుషన్ వైపు వంగిందా, బయటికి జారిందా, అంటే టేబుల్ లెవెల్ పోయింది. దారిలో చిన్న గంతు వేసినట్టనిపిస్తే ఐదు పలకల మధ్య అతుకులో నింపిన మందు రాలిపోయింది. మొదటిదానికి కాళ్ల దగ్గర సరిచేస్తే చాలు, రెండోదానికి బట్ట విప్పాలి, యజమాని వాయిదా వేస్తూనే ఉంటాడు. తర్వాత బాక్ నుంచి నిలువునా గట్టిగా కొట్టండి. నాలుగు పొడవులు దాటి ఐదోదాంట్లోకి రావాలి. మూడు దగ్గర ఆగితే రబ్బరు చచ్చింది, లేదా బట్ట అరిగింది. ఒక్కచోట మాత్రం డబ్ మని చప్పుడొస్తే కుషన్ బోల్టు వదులైందంతే, పది నిమిషాల పని.

అరచేతిని బట్ట మీద బాక్ నుంచి నల్ల బాల్ వైపు నిమరండి, నునుపుగా పోవాలి. ఎదురు నిమిరితే గరుకుగా తగలాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే నూగు పోయింది, లేదా నైలాన్ కలిపిన చౌక బట్ట. అలాంటి టేబుల్ మీద నూగు వల్ల నెమ్మది బాల్ ఎటు వాలుతుందో పిల్లాడు ఎప్పటికీ నేర్చుకోడు. నూగున్న బట్టను బ్రష్ చేసినా ఇస్త్రీ చేసినా ఆ ఒక్క దిక్కునే, బాక్ నుంచి పైకి. ఇస్త్రీ పెట్టె వేడిని ముందు కాగితం మీద చూసుకోవాలి, కాగితం రంగు మారితే బట్ట కూడా మాడుతుంది. మార్కర్ ఎదురు దిక్కున బ్రష్ చేస్తుంటే ఇంకేమీ చూడక్కర్లేదు, వేరే పార్లర్ వెతుక్కోండి.

బాల్స్ 52.5 మిల్లీమీటర్లు. పాత సెట్‌లో పోయిన ఎరుపు స్థానంలో ఇంకో సెట్‌ది వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అరిగినదాని పక్కన కొత్తది పెడితే కంటికే తెలుస్తుంది. వైట్ అందరికంటే ఎక్కువ దెబ్బలు తినేది కాబట్టి ముందు అదే అరుగుతుంది. చిన్నదై, తేలికైన వైట్‌తో స్క్రూ బ్రహ్మాండంగా వస్తుంది, పిల్లాడు తానేదో సాధించాననుకుంటాడు. పాకెట్లూ అంతే. కుషన్ వెంబడి ఎరుపును గట్టిగా కొడితే పాకెట్ మూతికి తగిలి కూడా లోపల పడుతోందంటే ఆ పాకెట్ దయగలది. అక్కడ కొట్టిన ఎనభై బ్రేకుకి టోర్నీ టేబుల్ మీద ముప్పై ఇవ్వడం కూడా ఎక్కువే.

టేబుల్ బాగుంటే మూడు గంటల ప్రాక్టీస్‌కి ఈ లెక్క పనికొస్తుంది. మొదటి ఇరవై నిమిషాలు వైట్ ఒక్కటే. గోధుమ రంగు స్పాట్ నుంచి నీలం, గులాబీ, నలుపు స్పాట్ల మీదుగా పై కుషన్‌కి కొడితే తిరిగి టిప్‌కే తగలాలి. పక్కకి వస్తుంటే చేయి తెలియకుండా సైడ్ (పక్కకి తిప్పే స్పిన్) పెడుతోంది, దాన్ని కోచ్ సరిచేయాలి, పిల్లాడికి తనంతట తనకు కనపడదు. తర్వాత నలభై నిమిషాలు లాంగ్ పాట్లు, అంటే దూరం నుంచి పాకెట్‌లో వేయడం. నీలం దాని స్పాట్ మీద, వైట్ బాక్ లైన్ మీద, పై మూల పాకెట్‌కి సూటిగా వచ్చేలా. ఇరవైలో ఎన్ని పడ్డాయో పుస్తకంలో రాయాలి. యాభై నిమిషాలు లైన్ అప్, అంటే ఎరుపుల్ని ఒకే వరసలో పేర్చి తీయడం. మొదట ఆరు ఎరుపులు, అవన్నీ రంగులతో సహా వరసగా మూడుసార్లు తీసాకే పది, ఆ తర్వాతే పదిహేను. నలభై నిమిషాలు సేఫ్టీ, అంటే ఎదుటివాడికి సులువైన షాట్ దొరకనివ్వని ఆట. గుత్తి చివరి ఎరుపుకి సన్నగా తగిలి వైట్ బాక్ కుషన్‌కి ఆరంగుళాల లోపు ఆగాలి. మిగిలిన అరగంట ఎవరితోనైనా ఒక ఫ్రేమ్, ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టే పందెం లేకుండా.

ఈ నలభై నిమిషాల సేఫ్టీనే మన పార్లర్లలో ఎవరూ చేయరు. గంటకింత అని డబ్బు పోతుంటే బాల్‌ని దాచిపెట్టే ఆట ఎవడికి కావాలి, అందరికీ పడేయాలనే ఉంటుంది. క్యూ స్కూల్‌లో మూడు మూడు ఫ్రేములైనప్పుడు గెలిపించేది అదే. ఆఖరి ఫ్రేమ్‌లో ఇద్దరి చేతులూ బిగుసుకుంటాయి, లాంగ్ పాట్ ఎవరికీ పడదు, ఎవడి వైట్ కుషన్‌కి అతుక్కుంటే వాడికి మొదటి అవకాశం వస్తుంది.

ఖర్చు లెక్క కూడా చూసుకోండి. రోజుకి మూడు గంటలు, నెలకి ఇరవై ఐదు రోజులంటే 75 గంటలు. మీ పార్లర్ గంట రేటుని 75తో హెచ్చిస్తే నెల బిల్లు. అంత పూర్తిగా కట్టక్కర్లేదు. పొద్దున పదకొండు లోపు ఏ పార్లర్ అయినా ఖాళీగానే ఉంటుంది, ఆ గంటల్ని నెలవారీగా సగానికి అడగండి, ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఖాళీ టేబుల్ కంటే సగం డబ్బు నయం కదా. పిల్లాడి క్యూ మీద మాత్రం మొదట్లోనే భారీగా పెట్టకండి. నిలబడితే భుజానికీ గడ్డానికీ మధ్య రావాలి, బరువు 17 నుంచి 18.5 ఔన్సులు, ఎదుగుతున్నవాడికి చిన్న సైజు క్యూ, తర్వాత పెద్దది. పెద్దవాళ్ల 58 అంగుళాల క్యూని పదేళ్లవాడికిస్తే వాడు చివర కాకుండా మధ్యలో పట్టుకుంటాడు, వెనక బరువు ఊగుతుంది, ఆ ఊగుడు ఇరవై ఏళ్లొచ్చినా పోదు.

ఇప్పుడు మార్కులు. ఎవరినైనా రానిచ్చే తలుపుగా క్యూ స్కూల్‌కి పదికి ఎనిమిది. పెట్టిన డబ్బుకి తిరిగొచ్చేదాని లెక్కన నాలుగు. కొత్త ఆటగాళ్లను తయారుచేసే ఏర్పాటుగా ఒకటి, ఆ ఒకటి కూడా ఆర్డర్ ఆఫ్ మెరిట్‌కి. పోలండ్‌కి చెందిన మిహావ్ షుబార్చిక్ 2025లో పద్నాలుగేళ్లకే టూర్‌లోకి వచ్చాడు నిజమే. ఆ పేరు చెప్పి పదో తరగతి మాన్పించేముందు, మీవాడు టోర్నీ టేబుల్ లాంటి బిగువు పాకెట్ల మీద రోజుకి ఎన్నిసార్లు యాభై బ్రేక్ దాటుతున్నాడో మూడు నెలలు రాయండి. రోజుకి ఒకటైనా లేకపోతే ఆ ఫీజు డబ్బుతో వేరే రాష్ట్రాల్లో జరిగే ఓపెన్ టోర్నీలకి రైల్లో పంపండి, ఏడాదికి పది తిరగొచ్చు. తెలియని టేబుల్, తెలియని ఎదుటివాడు, పొద్దున తొమ్మిదింటి మ్యాచ్. రోజుకి ఒకటి దాటుతున్నాడా, లాంగ్ పాట్ల పుస్తకంలో ఇరవైకి పన్నెండు వస్తున్నాయా, అప్పుడు బ్యాంకాక్ ఎంట్రీ ఎప్పుడు తెరుస్తారో చూడండి. అలాగే పాస్‌పోర్టు గడువు కనీసం ఆర్నెల్లు మిగిలి ఉందో లేదో కూడా.